అవ్వ వేషం

మా ఇంట్లో టీవీ లేదంటే నవ్వేవాళ్లకు నేను కారణం చెప్పను. చెబితే ఇంకా నవ్వుతారు.

మా తమ్ముడు మునిశేఖర్‌కు టీవీ పిచ్చి. అందులో ఎవరు మాట్లాడినా మరుక్షణం ఆ గొంతు, ఆ వాలకం అచ్చం దించేసేవాడు. అమ్మను కూడా వదిలేవాడు కాదు. డిగ్రీ తప్పిన రోజు నాయన చెప్పు తీసుకుని కొట్టి, "ఆ డబ్బాలోకే పోయి సావు!" అన్నాడు. వాడు ఇల్లు విడిచి పోయాడు. ఎక్కడికో తెలియలేదు.

అమ్మ కాణిపాకం వెళ్లి, కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేసింది. బిడ్డ ఇల్లు చేరేదాకా ఆ టీవీ బొమ్మలు కంటితో చూడనని. మా వైపు తాగుబోతులు కూడా ఆ దేవుడి ముందు ఒట్టేస్తే మళ్లీ సీసా ముట్టరు. ఇక మా అమ్మ సంగతి చెప్పాలా? ఆ వారమే టీవీని పాత సామాన్లవాడికి ఇచ్చేసింది.

తర్వాత నాయన పోయాడు. అమ్మకు చూపు తగ్గింది. ఒట్టు మాత్రం అలాగే ఉంది.

మొన్న తిరుపతి నుంచి చిత్తూరు బస్సులో వస్తూ ఫోనులో ఒక పాత కామెడీ సీరియల్ చూశాను. ఎప్పుడో మూతపడ్డ ఛానల్‌ది, ఎవరో యూట్యూబ్‌లో పెట్టారు. అందులో అపార్ట్‌మెంటులో అందరి గుట్టూ బయటపెట్టే అవ్వ ఒకామె ఉంది. తెల్ల విగ్గు, ముక్కుపుడక. కొంగు కొస పంటికింద పెట్టుకుని నవ్వుతుంది. అచ్చం మా అమ్మే! పక్క సీటావిడ చూస్తున్నా పట్టించుకోకుండా పగలబడి నవ్వాను. పూతలపట్టు దగ్గర నవ్వు ఆగిపోయింది. మా అమ్మను అంత బాగా దించగలిగినవాడు ఒక్కడే.

పేరు మార్చుకున్నాడు, ఆడవేషం వేశాడు. ఊళ్లో చూసినవాళ్లు ఉన్నా గుర్తుపట్టి ఉండరు. ప్రతి భాగం చివరా అవ్వ ఇంటికి ఫోను చేస్తుంది.

"చెంగమ్మా, మీ ఆయనకు కోపం తగ్గిందా? తగ్గింటే ఛానల్ అడ్రసుకు ఒక కార్డు ముక్క రాయి. రేపే బస్సెక్కేస్తా."

జవాబు రాదు. అవ్వ ఫోను పెట్టేసి మనవైపు తిరిగి, "ఇంగా కోపమే!" అంటుంది. వెనక జనం విరగబడి నవ్వుతారు.

చెంగమ్మ మా అమ్మ పేరు.

అన్ని భాగాలూ చూశాను. చివరిదాంట్లోనూ అదే మాట, అదే నవ్వు. ఆ నవ్వే జనం గొంతు పిసకాలనిపించింది. కింద కామెంట్లలో ఎవరో రాశారు: "అవ్వ వేషం వేసినాయన కరోనాలో పోయారు. మంచి మనిషి. పాపం, ఇంటివాళ్లెవరూ రాలేదు."

ఎలా వస్తాం? ఇంటివాళ్లం వాడికోసమే టీవీ మానుకుని కూర్చున్నాం. వాడేమో మేం రోజూ చూస్తూ కూడా కక్షతో పలకలేదనుకుని పోయాడు. వినాయకుణ్ణి తిట్టాను, నాయన్ను తిట్టాను. తిడితే ఏం లాభం?

ఈరోజు అమ్మకు చెప్పేద్దామని ఫోను పట్టుకుని పక్కన కూర్చున్నాను. అమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. సీరియల్ పెట్టాను. అవ్వ మాటలు మొదలయ్యాయి.

"ఎవురుమే అది? మన ఊరోళ్ల మాదిరే మాట్లాడతా ఉండాది" అంది అమ్మ. వింటూ వింటూ కొంగు కొస పంటికింద పెట్టుకుని నవ్వింది. తమ్ముడు ఇల్లు విడిచాక అమ్మ అలా నవ్వడం నేను చూడలేదు.

"పాత కామెడీ మా. సూడు" అని ఫోను అటు తిప్పాను.

అమ్మ గట్టిగా కళ్లు మూసుకుంది. "తియ్యి మే! ఒట్టుండాది గదా. శేఖరు వచ్చినాంక ముగ్గురం కూసోని సూద్దాం. వానికి ఇట్లాంటివంటే పానం."

తెరమీద అవ్వ ఫోను చేతిలోకి తీసుకుంది. ఆ పేరు వినపడకముందే ఆపేశాను.

"సరే మా. వాడొచ్చినాంకే సూద్దాం" అన్నాను.

అమ్మ కళ్లు తెరిచి మళ్లీ చింతపండు అందుకుంది. ముఖంలో నవ్వు ఇంకా పోలేదు.

"ఆయమ్మ ఎవురోగానీ, నూరేండ్లు సల్లగా ఉండాల" అంది.