నలభై మూడు పేర్ల వార్త

మాస్టారిని నిలబెట్టి యంత్రంతో పందెం పెట్టిన పొద్దున ఆ హాల్లో డెస్కు మొత్తం ఉంది. ఇరవై నాలుగు మంది. ఒక్కరూ నోరెత్తలేదు. ఈ సంగతి ముందే చెప్పేయాలి. తర్వాత జరిగింది విని, వీళ్లంతా పుట్టుకతోనే ధీరులని ఎవరైనా పొరబడే ప్రమాదం ఉంది.

అది సాయంకాల పత్రిక. పొద్దున ఏడింటికి డెస్కు మొదలవుతుంది. పదకొండున్నరకు పేజీలు మూస్తారు. పన్నెండుకు కింద ప్రెస్సు తిరుగుతుంది. మూడింటికల్లా పేపరు కూడళ్లలో ఉంటుంది. మాస్టారు అక్కడ ముప్పై ఒక్క ఏళ్లుగా సబ్ ఎడిటర్. ఏ బళ్లోనూ పాఠం చెప్పినవాడు కాదు. వచ్చిన ప్రతి కొత్తవాడికీ వాక్యం రాయడం నేర్పి ఆ పిలుపు సంపాదించుకున్నాడు.

పందెం పెట్టినవాడు కొత్త సీఈవో. మండుటెండల్లో కూడా కోటు విప్పడు కాబట్టి అతని పేరు కోటు అయిపోయింది. ఇంతకుముందు సబ్బుల కంపెనీలో ఉండేవాడట. సబ్బుకీ వార్తకీ తేడా ఏమిటో అతనికెవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

"ఒకే వార్త. మీరూ రాయండి, ఇదీ రాస్తుంది" అన్నాడు కోటు, వార్తలు రాసే కొత్త ఏఐ యంత్రాన్ని చూపించి, తెర మీద గడియారం పెట్టి.

వార్త, ముందురోజు కుట్టు ఫ్యాక్టరీలో జరిగిన అగ్నిప్రమాదం. నలుగురు ఆడవాళ్లు చనిపోయారు. యంత్రం ఆరు సెకన్లలో హెడ్డింగుతో సహా వార్త తెర మీద పెట్టేసింది. మాస్టారు అప్పటికింకా ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. తొమ్మిది నిమిషాలకు అయిదు వాక్యాలు రాశాడు.

"ఆరు సెకన్లు! తొమ్మిది నిమిషాలు!" కోటు చేతులు చాపాడు. "చప్పట్లు కొట్టండి ఫ్రెండ్స్."

యంత్రానికి చప్పట్లు. అందరూ కొట్టారు. సిటీ డెస్కు ఇన్‌చార్జి కూడా కొట్టింది. నలభై ఆరేళ్ల మనిషి. ఆఫీసులో ఆమెను పేరుతో పిలవడం ఎప్పుడో మానేశారు, పెద్దా చిన్నా అందరికీ అక్కే. మాస్టారి చేతి కిందే పని నేర్చుకుంది. ఇప్పుడాయన తల వంచుకుని నిలబడి ఉంటే, చప్పట్లు కొడుతూనే తెర మీది రెండు హెడ్డింగులూ చదివింది.

యంత్రానిది: కార్మికుల అజాగ్రత్తతో అగ్నిప్రమాదం. ఫ్యాక్టరీ వాళ్లు పంపిన ప్రకటనను మింగి, అలాగే కక్కింది. మాస్టారిది: బయట తాళం, లోపల నలుగురి మృతి. ఆ తొమ్మిది నిమిషాల్లో ఆయన, తలుపు పగలగొట్టిన ఫైర్ స్టేషను మనిషిని పట్టుకుని మాట్లాడాడు.

ఆ ఫ్యాక్టరీ, పత్రిక ఛైర్మన్ గారి బావమరిదిది. ఆ రోజు పేపర్లో ఏ హెడ్డింగు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

పందెం అయ్యాక కోటు అసలు కబురు చెప్పాడు. నెలాఖరుకు డెస్కులో ముగ్గురుంటారు. మిగతా ఇరవై ఒక్క మందికీ కంపెనీ ఖర్చుతో ఒక రోజు శిక్షణ. మారుతున్న మీడియాలో నిలదొక్కుకోవడం ఎలా అని. "మీకు కావాల్సింది రెజిలియన్స్" అన్నాడు, ఆ మాట తన జేబులోంచి తీసి పంచిపెడుతున్నట్టు.

పేజీలు పెట్టే ఆపరేటర్ అక్క వైపు వంగాడు. "తెలుగులో ఏమంటారక్కా దాన్ని?"

"తన్నినా మళ్లీ లేచి నిలబడటం."

"దేనికి? మళ్లీ తన్నించుకోడానికా?"

అక్కకు నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వును మింగేసింది. ఆ విద్యలో ఆమెకు ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర గొడవ. కుట్టు ఫ్యాక్టరీ ఆడవాళ్లు ముప్పై మంది దాకా వచ్చారు, చేతుల్లో ముందురోజు పేపరు. వాచ్‌మన్ పైకి ఫోన్ చేశాడు. కోటు గది తలుపు మూసుకుంది. ఎడిటర్ గారికి ఉన్నట్టుండి బయట పని పడింది. ఆయనకు అలాంటి పనులు సమయానికి పడుతుంటాయి. చివరికి అక్క దిగింది.

ముందు నిలబడిన మనిషికి ముంజేతి నుంచి వేళ్ల దాకా కట్టు కట్టి ఉంది. చనిపోయినవాళ్లలో ఒకామె ఈమె చెల్లెలు. పేపరు అక్క మొహం ముందు పెట్టింది.

"ఇది నువ్వు రాశావా?"

"నేను కాదమ్మా. మెషిన్ రాసింది."

"అయితే దాన్నే పిలువు. దాంతోనే మాట్లాడతా."

వెనకున్నవాళ్లలో ఎవరో చేదుగా నవ్వారు. అక్కకు చెవులు వేడెక్కాయి.

"మాకూ ఇలాగే చెప్పారు" అంది చెయ్యి కాలిన మనిషి. "తలుపుకు తాళం ఎవరేశారని అడిగితే, ఎవరూ వెయ్యలేదంట. రూలంట. షిఫ్టు మధ్యలో ఎవరూ బయటికి పోకూడదని రూలు. అక్కడ రూలు తాళం వేసింది. ఇక్కడ మెషిన్ రాసింది. మరి మీరంతా లోపల కూర్చుని ఏం చేస్తున్నట్టు?"

హెడ్డింగు పెట్టమంటే అరనిమిషంలో నాలుగు పెట్టగలిగే అక్క, ఆ పేపర్లోని హెడ్డింగును మళ్లీ ఒకసారి చదివింది.

"చప్పట్లు కొట్టాం" అంది చివరికి.

ఆ మాట చెయ్యి కాలిన మనిషికి అర్థం కాలేదు. అయినా అక్క మొహం చూసి పేపరు కిందికి దించింది.

"మా చెల్లెలు అజాగ్రత్త మనిషి కాదు. సూది గుచ్చుకున్న రక్తం గుడ్డకు అంటితే జీతం కోస్తారని, పదకొండేళ్లలో ఒక్కసారి కూడా వేలు గుచ్చుకోకుండా కుట్టింది. అది రాయి."

ఆ మధ్యాహ్నం ప్రెస్సు ఆగాక అక్క కింది అంతస్తుకు వెళ్లింది. అక్కడి కాంటీన్ ప్రెస్సువాళ్లది. డెస్కువాళ్లు టీ పైకే తెప్పించుకుంటారు. ఇరవై రెండేళ్లలో ఆమె ఆ మెట్లు దిగడం అది మూడోసారి. ఆమె వెనక డెస్కు దిగింది, ఒకరి తర్వాత ఒకరు, పరాయి పెళ్లికి వచ్చినట్టు బెరుగ్గా.

ప్రెస్సు ఫోర్‌మన్‌ను అందరూ మైకు అంటారు. బతుకంతా యంత్రం పక్కన నిలబడి అరిచిన గొంతు, గుసగుస చెప్పినా వీధికి వినిపిస్తుంది.

"రండి రండి! పైవాళ్లకు కింద నేల ఉందని ఇవాళ తెలిసిందా? నాలుగేళ్ల కింద మాలో తొమ్మిది మందిని తీసేసినప్పుడు మీ డెస్కు ఏం చేసింది?"

అందరూ అక్క వైపు చూశారు. ఆమెకు గుర్తుంది.

"ఆధునికీకరణ దిశగా అడుగులు అని నాలుగు కాలమ్‌ల వార్త పెట్టాం. హెడ్డింగు నాదే."

"బాగుంది. ఇప్పుడు ఆ అడుగులే మీ నెత్తి మీద పడ్డాయి."

రాజకీయాల పేజీ చూసేవాడు లేచాడు. ప్రతి ప్రభుత్వంలోనూ ఇద్దరు మంత్రుల భుజాల మీద చెయ్యి వేసినవాడు. "చూడండి, మనం లేబర్ కాదు. జర్నలిస్టులం. కాలంతో పాటు మారాలి. నేనైతే సొంతంగా ఛానెల్ పెట్టుకుంటున్నా. ఫోన్ ఉంటే చాలు, ఎవడి గొడవా ఉండదు."

"మరి ఆ ఛానెల్లో తాళం సంగతి చెప్తావా?" అడిగాడు ఆపరేటర్.

"అది... చూడాలి. ప్రకటనలు ఇచ్చేవాళ్లు కూడా..."

కాంటీన్ గొల్లుమంది. సొంత దుకాణం ఇంకా తెరవనేలేదు, అమ్ముడుపోవడానికి మనిషి సిద్ధంగా ఉన్నాడు.

గంటన్నర వాదించుకున్నారు. లేబర్ ఆఫీసుకు అర్జీ పెడదామన్నారు. ఛైర్మన్ గారి కాళ్లు పట్టుకుందామని కూడా ఒకాయన అన్నాడు. ఆయన్ని మైకు ఒక్క చూపుతో కూర్చోబెట్టాడు. చివరికి అక్క లేచింది.

"ఉద్యోగాలు ఎలాగూ పోతున్నాయి. ఉన్న నాలుగు రోజుల్లో మన పని ఒక్కసారి చేద్దాం. నిన్న మాస్టారు రాసిన వార్త రేపు మొదటి పేజీలో వేద్దాం. కింద మనందరి పేర్లు. పైవాళ్లవి, కిందవాళ్లవి, కట్టలు మోసేవాళ్లవి."

మైకు గడ్డం గోక్కున్నాడు. "మా పేర్లెప్పుడైనా పేపర్లో వచ్చాయా?"

"రాలేదు."

"మరి పెద్దక్షరాల్లో వెయ్యి."

డెస్కు, ప్రెస్సు, వ్యాన్ల వాళ్లు కలిపి నలభై నాలుగు మంది. ఛానెల్ పెట్టేవాడు కూడా నసుగుతూనే పేరిచ్చాడు. సిగ్గు కూడా ఒక్కోసారి మంచి పని చేయిస్తుంది. మాస్టారు మాత్రం ఇవ్వలేదు. "నన్ను వదిలేయండమ్మా" అన్నాడు నేల చూస్తూ. "అల్లుడిది కూడా ఛైర్మన్ గారి కంపెనీలోనే ఉద్యోగం. అమ్మాయి ఊరుకోదు." మైకు ఏదో అనబోతే అక్క ఆపింది. నలభై మూడు.

ఇంటికెళ్లి భర్తకు చెప్పింది. ఆయన సిటీ బస్సు కండక్టర్. అన్నీ విని అన్నాడు:

"మా సమ్మెకు నువ్వు పెట్టిన హెడ్డింగు గుర్తుందా? ప్రయాణికులకు నరకం."

"ఆరేళ్లయింది. ఇప్పుడు తిడతావా?"

"అప్పుడే తిట్టలేదు, ఇప్పుడేం తిడతాను? రేపటిది సరిగ్గా పెట్టు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఏడుపు వచ్చింది కానీ అది బాధ కాదు. తన మీద తనకు ఆరేళ్లు ఆలస్యంగా పుట్టిన అసహ్యం.

మర్నాడు పదకొండున్నరకు కోటు సంతకం పెట్టిన మొదటి పేజీ ఒకటి. ఆపరేటర్ కిందికి పంపింది మరొకటి. హెడ్డింగు మాస్టారిదే. చెల్లెలి వేళ్ల సంగతి మూడో పేరాలో ఉంది. వార్త కింద రెండు కాలమ్‌ల నిండా నలభై మూడు పేర్లు. మైకు ఆ పేజీ అచ్చు ప్లేటు చేతిలోకి తీసుకుని, తన పేరు మీద వేలు పెట్టి చూసుకుని, ప్రెస్సుకు బిగించాడు.

పన్నెండుంపావుకు ఎవరో పైకి కాపీ తీసుకెళ్లారు. కోటు మెట్ల మీద దొర్లుతున్నట్టు కిందికి వచ్చాడు. జీవితంలో మొదటిసారి ప్రెస్సులోకి అడుగుపెట్టడం.

"ఆపండి! ఆపండి దాన్ని!"

ఆ చప్పుడులో అతని గొంతు అతనికే వినిపించలేదు. ప్రెస్సువాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. కోటు గోడ వెంట పరుగెత్తి ఎదురుగా కనిపించిన స్విచ్చు నొక్కాడు. ట్యూబులైట్లు ఆరిపోయాయి. యంత్రం తిరుగుతూనే ఉంది.

"సార్!" అన్నాడు మైకు. ఆ గొంతు మాత్రం వినిపించింది. "ఆరు సెకన్లయింది. ఇంకా దొరకలేదా?"

నలభై మంది నవ్విన నవ్వును యంత్రం కూడా ముంచలేకపోయింది. కోటు ఒంటి మీద కోటు చెమటకు తడిసి గోనెసంచిలా వేలాడుతోంది. మొత్తం ప్రపంచాన్ని మార్చేస్తానని వచ్చినవాడికి తన ప్రెస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదు!

వ్యాన్లు వెనక గేటు నుంచి వెళ్లిపోయాయి. మిగిలిన కట్టల్ని కుట్టు ఫ్యాక్టరీ ఆడవాళ్లు నెత్తికెత్తుకున్నారు. రెండింటికి కూడళ్లన్నిట్లో పేపరు ఉంది. రెండున్నరకు ఆఫీసులో పోలీసులున్నారు. పరువు నష్టం, కంపెనీ ఆస్తి దుర్వినియోగం. అక్కనీ మైకునీ జీపెక్కించారు.

స్టేషన్లో కంపెనీ వకీలు టైపు చేసిన కాగితం అక్క ముందు పెట్టాడు. కొందరి ప్రలోభానికి లోనై తప్పుడు వార్త వేశాను, క్షమించగలరు. సంతకం పెడితే కేసు ఉండదు, డెస్కులో మిగిలే ముగ్గురిలో ఒకతె అవుతుంది.

ఆమె రెండుసార్లు చదివింది. "ఇది కూడా మెషినే రాసిందా?"

"ఎందుకలా అడుగుతున్నావమ్మా?"

"సిగ్గున్న మనిషి రాసినట్టు లేదు."

బల్ల చివర కూర్చున్న మైకు గుసగుసగా "శభాష్" అన్నాడు. స్టేషన్ అంతా ఉలిక్కిపడింది.

నాలుగింటికి బయట జనం. డెస్కు, ప్రెస్సు, వ్యాన్ల డ్రైవర్లు, చెయ్యి కాలిన మనిషి, ఫ్యాక్టరీ ఆడవాళ్లు. వీధి అవతలి పత్రిక నుంచి కూడా ఏడుగురొచ్చారు. వాళ్ల ఆఫీసులో పందెం వచ్చే వారమట. ఆ గుంపులోంచి మాస్టారు మెట్లెక్కి లోపలికి వచ్చాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఎదుట నిలబడ్డాడు.

"వార్తలో చిన్న పొరపాటుంది. సవరణ రాయించడానికి వచ్చాను."

"ఏం పొరపాటు?"

"రాసింది నేను. నా పేరు లేదు."

"లేదు కదా, బతికిపోయారు. వెళ్లండి."

"అల్లుడికి చెప్పే వచ్చాను" అన్నాడు మాస్టారు. "రాసుకోండి. పెద్దక్షరాల్లో అక్కర్లేదు."

అక్క బెంచీ మీద జరిగి చోటిచ్చింది. ఆయన కూర్చున్నాడు.

అయిదు కావస్తుండగా బయట నినాదాలు ఉన్నట్టుండి ఆగాయి. ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి చూసి నవ్వాడు. "అయిపోయింది మీ పోరాటం. ఇళ్లకు పోతున్నారు."

మళ్లీ చూశాడు. గుంపు విడిపోలేదు. అందరూ ఒకే దారి పట్టారు, ముందు కుట్టు ఫ్యాక్టరీ ఆడవాళ్లు, వాళ్ల వెనక మిగతావాళ్లు.

"వాళ్ల ఇళ్లు ఇటు కదా? అటెందుకు పోతున్నారు?"

"ఛైర్మన్ బావమరిదికి అటువైపు ఇంకో ఫ్యాక్టరీ ఉంది" అంది అక్క. "రెండు వందల మంది. అయిదింటికి షిఫ్టు మారుతుంది. అక్కడా లోపలికి వెళ్లగానే బయట తాళం వేస్తారు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ కోసం తడుముకున్నాడు.

"ఇవాళ వెయ్యలేరు" అన్నాడు మైకు, వీధి అంతటికీ వినిపించేలా.