బొట్టు పెట్టిన కన్ను

వకుళ తన ఇంటి గడప మీద కాలు పెడితే అది సీసాల ఫ్యాక్టరీ గేటులో పడుతుంది. పొద్దున్నుంచి ఇదే వరస. ఆశ్చర్యపోవడానికి కూడా ఓపిక లేదు. చెప్పులు సర్దుకుని మళ్ళీ ఇంటిదారి పడుతుంది.

ఎందుకిలా అవుతోందో ఆమెకు తెలుసు. సీసాలను ఎత్తి పెట్టెలో సర్దే యంత్రం చేతికి ప్రోగ్రాం రాసింది ఆమే. అందులో ఒక షరతు పెట్టింది. యంత్రం కన్ను సీసాను చూస్తే ప్రోగ్రాంలో తర్వాతి వరుసకు దూకి చెయ్యి దాన్ని ఎత్తాలి, చూడకపోతే మళ్ళీ మొదటికి రావాలి. నిన్న ఆయుధపూజ. ఆపరేటర్ పైడిరాజు భక్తి ఎక్కువై సరిగ్గా ఆ కంటి మీదే ఇంత కుంకుమ అద్దాడు. ఇక అది ఏం చూస్తుంది, నా మొహం!

ఆ మాటకొస్తే వకుళ చేసిందీ అదే. నిన్న చీకటి పడ్డాక ఇల్లు చేరి, నిద్రపోతున్న కూతురు మేదినికి పూజ కుంకుమ పెట్టబోయి కనురెప్పల మీద రాసింది. మేదిని ఎన్నాళ్ళుగానో అడిగేది ఒక్కటే. వెలుగుండగా ఇంటికొచ్చి జడ వెయ్యమని. ఇప్పుడు గడపలో కూర్చుని ఎదురుచూస్తోంది, రెప్పలు మాత్రం విప్పలేదు. వకుళ వచ్చిన ప్రతిసారీ కాస్త పెరిగి ఉంటోంది. జుట్టు మెట్లు దిగి వీధిలోకి వచ్చింది.

మళ్ళీ ఫ్యాక్టరీలో పడ్డాక, యంత్రం కన్ను తుడవమని పైడిరాజును అడుగుతుంది. పూజ బొట్టు చెరపకూడదంటాడు. అతనికీ కాళ్ళు పీకుతున్నాయి.

"ఆ షరతు తీసీండి మేడంగారూ. సూసినా సూడకపోయినా ముందుకే దూకమనీండి. లేపోతే ఈయేళ మీరు ఇంటికెల్లరు."

వకుళకు వాదించే ప్రాణం లేదు. షరతు తీసేస్తుంది. యంత్రం చెయ్యి గాలిని జాగ్రత్తగా ఎత్తి పెట్టెలో సర్దడం మొదలుపెడుతుంది.

ఈసారి గడప ఆమెను లోపలికి రానిస్తుంది. ఇంట్లో ఎండ పడుతోంది. మేదిని తల నెరిసింది. వకుళ దువ్వెన తీసుకుని ఆమె వెనక కూర్చుంటుంది.

"వద్దండీ," అంటుంది మేదిని మర్యాదగా. "మా అమ్మ వచ్చాక వేయించుకుంటాను."

వకుళకు ఏడుపు ముంచుకొస్తుంది. పూజ బొట్టయితే ఏమిటని కొంగు తడిపి కూతురి రెప్పలు తుడుస్తుంది. మేదిని కళ్ళు తెరిచి ఆమెనే చూస్తుంది. చూస్తే ఏం చెయ్యాలో చెప్పే షరతును మాత్రం వకుళ ఇందాకే తీసేసింది.

మేదిని ఆమెను నడుము దగ్గర పట్టుకుని మెల్లగా పైకెత్తి, గదిలో ఉన్న పెద్ద అట్టపెట్టెలో నిలబెడుతుంది. అందులో పొద్దున్నుంచి గడప దాకా వచ్చి వెనక్కి మళ్ళిన వకుళలందరూ ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో దువ్వెన. వాళ్ళు కాస్త జరిగి ఈమెకు చోటిస్తారు. మేదిని మూత వేస్తుంటే సందులోంచి కనిపిస్తుంది, బయట ఇంకా బోలెడంత వెలుగుంది.