దేవుడి బియ్యం డబ్బా

నేను ఒక పాలపొడి డబ్బాని. పేరుకే పాలపొడి, అది నాలో ఉన్నది నలభై రోజులే. ఆ తరవాత ఇరవై ఏళ్ళ దాకా నాలో ఉన్నవి బియ్యం, అవీ దేవుడి బియ్యం. అందుకని నన్ను మామూలు డబ్బాల్లో కలిపి చూడకండి. వంటింటి గూట్లో నా పక్కన పసుపు డబ్బా, ఉప్పు జాడీ ఉండేవి. వాటితో నేను పెద్దగా మాట కలిపేదాన్ని కాదు. కొంచెం గర్వం ఉండేదని ఒప్పుకుంటాను. ఇప్పుడు లేదు.

ఎక్కడో ఫ్యాక్టరీలో రేకు కోసి, గుండ్రంగా వంచి, అడుగు బిగించి, ఒంటి మీద బొద్దుగా నవ్వే పాపాయి బొమ్మ వేశారు. అక్కణ్ణించి లారీలెక్కి, గోడౌన్లు తిరిగి, చివరికి రేపల్లె బస్టాండు దగ్గర ఒక మందుల షాపులో కూర్చున్నాను. అక్కడ నన్ను కొన్నవాడు నతానియేలు అనే తాపీ మేస్త్రి. పని నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులకు సిమెంటు అలాగే ఉంది. "పసిబిడ్డకండి. తల్లికి పాలు పడలా" అని షాపాయనకి చెప్పి, నన్ను చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. దారి పొడుగునా నన్ను కిందపెట్టలేదు.

ఆ బిడ్డ తల్లి ఎలీసమ్మ. రెండు కాన్పులు నిలవక మూడోది నిలిచిందట. అందుకే వాళ్ళ పాస్టరుగారు ఆ పిల్లకు కెజియా అని పేరు పెట్టారు. బైబిల్లో యోబుకు కష్టాలన్నీ తీరాక పుట్టిన కూతురి పేరు అది. మీ కష్టాలు కూడా తీరిపోయినట్టే అన్నారు ఆయన. మంచి మనసుతోనే అన్నారు.

నలభై రోజులకు పొడి అయిపోయింది. పిల్లకు ఆవుపాలు పడ్డాయి. ఇక నన్ను పెంటకుప్ప మీద పారేస్తారని అనుకున్నాను. ఎలీసమ్మ పారెయ్యలేదు. బూడిదతో తోమి, ఎండలో ఆరబెట్టి, పొయ్యి పక్క గూట్లో పెట్టింది. "నా బిడ్డకి అన్నం పెట్టిన డబ్బా, దేవుడికే ఉండాలి" అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు, మర్నాడు పొద్దున తెలిసింది.

ఆ పాలెంలో క్రైస్తవుల ఇళ్ళన్నిటా ఒక అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం వేసే ముందు పిడికెడు తీసి దేవుడి పేరున పక్కన పెడతారు. ఇంట్లో రేపటికి ఉన్నా లేకపోయినా ఆ పిడికెడు మాత్రం తీస్తారు. పిడికిటి బియ్యం అంటారు దాన్ని. శనివారం సాయంత్రం స్త్రీల సమాజం పెద్ద రూతమ్మ గుడ్డసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అవన్నీ పోగుచేసి చర్చి గుడికి చేరుస్తుంది. సగం పాస్టరుగారి ఇంటికి, సగం దిక్కులేని ముసలివాళ్ళకు పోతాయి.

ఎలీసమ్మ మాత్రం ఒక పిడికెడుతో ఊరుకునేది కాదు. రెండు తీసేది. మొదటిది నాలో పోస్తూ, "ప్రభువా, ఇది మా ఆయన కోసం. ఆయన మనసు మార్చు" అనేది. రెండోది పోస్తూ, "ఇది మా కెజియా కోసం. చల్లగా చూడు" అనేది. అంతే ఆమె ప్రార్థన. కళ్ళు మూసుకోవడం, మోకాళ్ళూనడం ఏమీ ఉండదు. ఒక చేత్తో చేట, ఇంకో చేత్తో బియ్యం, పక్కన పొయ్యి పొగ. పక్కింటావిడతో మాట్లాడినంత చనువుగా దేవుడితో మాట్లాడేది. కూర మాడుతుంటే, "ఉండు ప్రభువా, ఇప్పుడే వస్తా" అని వెళ్ళి కలిపి వచ్చి మిగతాది పూర్తి చేసేది. నేను పెద్ద ప్రార్థనలేమీ వినలేదు గాని, ఇంతకంటే దగ్గరగా దేవుడితో ఎవరన్నా మాట్లాడతారంటే నమ్మలేను.

నతానియేలు సంగతి వేరు. గుడి ప్రహరీ గోడ కట్టింది ఆయనే. ఆదివారం ఆరాధన జరుగుతుంటే లోపలికి పోకుండా ఆ గోడ మీదే కూర్చునేవాడు. "నేను కట్టిన గోడ, కూర్చునే హక్కు నాకుంది" అనేవాడు. ఆయన పేరున నాలో పడ్డ బియ్యమంతా ఎవరెవరి కడుపులో అన్నమైందో గాని, ఆయన మాత్రం గోడ దిగలేదు. ఎలీసమ్మ విసుక్కోలేదు. మర్నాడు మళ్ళీ పిడికెడు పోసేది.

కెజియా నడక నేర్చాక నా మూత తీసి తొంగిచూసేది. "అమ్మా, నా బియ్యం ఏయి, నాన్న బియ్యం ఏయి?" అని అడిగేది. "కలిసిపోయినై. దేవుడికి తెలుసులే" అనేది తల్లి. ఆ పిల్ల వేళ్ళు నా అంచు మీద పడితే నాకు ఎంత బాగుండేదో చెప్పలేను. నా ఒంటి మీది పాపాయి బొమ్మ తనదేనని చాలా ఏళ్ళు నమ్మింది. పెద్దదయ్యాక గుంటూరులో నర్సు ట్రైనింగులో చేరింది. ఇంటికి వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఆకలి" అనేది. తల్లి కూడా పలకరింపుగా ఒకటే అడిగేది, "అన్నం తిన్నావా?" అని. ఫోనులో కూడా మొదటి మాట అదే.

పందొమ్మిదో ఏట, వానాకాలంలో, ఆ పిల్ల జ్వరంతో ఇంటికి వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. మూడో రోజుకు ఒళ్ళంతా ఎర్రటి మచ్చలు వచ్చాయి. టౌనులో ఆసుపత్రిలో చేర్చారు. ఎలీసమ్మ రోజూ పొద్దున్నే బస్సులో వచ్చి, అన్నం వండి, క్యారేజీ కట్టుకుని మళ్ళీ పరుగెత్తేది. ఆ రోజుల్లో ఆమె నాలో పోసింది పిడికెడు కాదు, దోసెళ్ళు. మొగుడి పేరు చెప్పడం మానేసింది. "కెజియా కోసం, కెజియా కోసం" అంటూ గబగబా పోసేది. సగం నేల మీద పడేవి. ఎన్నడూ దేవుణ్ణి బతిమాలని మనిషి బతిమాలుతుంటే నాకు భయం వేసింది. ఆ వారం నేను మూత పట్టనంతగా నిండాను.

తొమ్మిదో రోజు, శుక్రవారం తెల్లవారుజామున, కెజియా పోయింది.

మధ్యాహ్నానికి ఇల్లంతా బంధువులు. సాయంత్రం సమాధి చేసి వచ్చారు. దూరం నుంచి వచ్చినవాళ్ళు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. వంటింట్లోకి రూతమ్మ వచ్చి బియ్యం బస్తా చూసింది, అడుగున దులిపితే శేరు కూడా రాలేదు. ఆ వారమంతా బస్తాలో బియ్యం నాలోకే వచ్చాయి మరి. రూతమ్మ నన్ను కిందికి దించి మూత తీసింది. "దేవుడి బియ్యమే. ఆకలిగొన్నోళ్ళకేగా" అని నన్ను ఎసట్లోకి వంచేసింది. ఆమెను తప్పు పట్టను. ఆ సమయంలో ఎవరైనా అదే చేస్తారు.

అందరూ తిన్నారు. ఎలీసమ్మ వద్దంటున్నా ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని రెండు ముద్దలు తినిపించారు. అందరూ వెళ్ళాక ఆమె వంటింట్లోకి వచ్చి నన్ను చూసింది. మూత పక్కన పడి ఉంది. లోపల ఒక్క గింజ లేదు. కూతురు బతకాలని పోసిన బియ్యం, కూతురి సమాధి రోజున తాను తిన్నానని ఆమెకు అర్థమైంది. ఏడవలేదు. నన్ను బోర్లించి మళ్ళీ సరిగ్గా పెట్టి, మూత పెట్టింది. నేను ఇరవై ఏళ్ళలో ఎన్నడూ అంత ఖాళీగా లేను.

మూడో రోజు పొద్దున ఆమె మళ్ళీ చేట పట్టుకుంది. మొదటి పిడికెడు, "మా ఆయన కోసం." రెండో పిడికెడు దగ్గర చెయ్యి ఆగలేదు. "మా కెజియా కోసం. చల్లగా చూడు." మర్నాడు కూడా అంతే. నాకేమీ తప్పనిపించలేదు. ఆ ఒక్క మాట కోసమే ఆమె పొద్దున్నే లేస్తోందని నాకు తెలుసు.

తరవాతి శనివారం రూతమ్మ సంచి పట్టుకుని వచ్చేసరికి ఎలీసమ్మ రాత్రి వంటకు బియ్యం తీస్తోంది. ఆ మాట రూతమ్మ చెవిన పడింది. ఆమె కూర్చుని ఎలీసమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మాయ్, పోయినోళ్ళ కోసం ప్రార్థన చెయ్యకూడదే. మన బోధలో లేదు."

"అలవాటులో వచ్చిందక్కా."

"అలవాటైతే మానుకోవాల. పేరు చెప్పి పోసిన బియ్యం నేను గుడికి ఎట్టా తీసకపోను?"

ఆదివారం పాస్టరుగారు ఇంటికే వచ్చారు. కోపంతో కాదు, ఓదార్చడానికే వచ్చారు. వసారాలో మంచం మీద కూర్చుని మెల్లగా చెప్పారు. "కెజియా ప్రభువు సన్నిధిలో ఉందమ్మా. ఆమెకి ఇంకేం తక్కువ లేదు. ఆమె కోసం మనం అడగాల్సింది ఏదీ లేదు."

"అడగటానికి కాదయ్యగారూ" అంది ఎలీసమ్మ. "పేరు పలకటానికి. పొద్దున్నే ఆ పేరు పలకటానికి నాకు ఇంకో చోటు లేదు."

పాస్టరుగారు మంచం మీంచి లేచారు. ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి ఆమె రెండో పిడికెడు తియ్యలేదు. కొన్ని రోజులకు మొదటిది కూడా మానేసింది. చేటలో బియ్యం తీసి నేరుగా కడిగి ఎసట్లో వేసేది. నా వైపు చూసేది కాదు. గుడికి వెళ్ళడం మానేసింది. ఇంట్లో మాట్లాడటం కూడా మానేసింది. దేవుడితో మాట తెగిపోయాక మనుషులతో మాట్లాడాలనిపించలేదేమో. రూతమ్మ ప్రతి శనివారం వచ్చి, గుమ్మంలో ఒక నిమిషం నిలబడి, సంచి మడుచుకుని పోయేది. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూశాను. నాలో సాలెపురుగు గూడు కట్టింది. పసుపు డబ్బాతో మాట కలిపింది అప్పుడే.

అలా క్రిస్మస్ దాటిపోయింది. ఆ ఇంటి మీద నక్షత్రం కట్టలేదు. ఎక్కువ భయపడింది నతానియేలు. భార్య ప్రార్థనను ఇన్నాళ్ళూ ఎగతాళి చేసినవాడు, ఆ ప్రార్థన ఆగిపోయేసరికి ఇంట్లో నిలబడలేకపోయాడు. పనికి వెళ్ళి మధ్యలోనే తిరిగివచ్చి, ఆమె ఉందా లేదా అని చూసి మళ్ళీ వెళ్ళేవాడు.

ఒక పొద్దున ఎలీసమ్మ లేవలేదు. జ్వరమేమీ లేదు, లేవాలనిపించలేదు, అంతే. నతానియేలు తానే వంటింట్లోకి వచ్చాడు. గిన్నెలో బియ్యం పోశాడు, రెండు నీళ్ళు కడిగాడు, ఎసట్లో వెయ్యబోయి ఆగాడు. నన్ను చూశాడు. మూత తీసి, సాలెగూడు తుడిచాడు. కడిగిన బియ్యంలోంచే పిడికెడు తీశాడు. మేస్త్రి చెయ్యి కదా, ఎలీసమ్మ పిడికెళ్ళు మూడు కలిపినంత వచ్చింది. నాలో పోస్తూ నోట్లో ఏదో గొణిగాడు. నాకు ఒక్క పేరే వినపడింది. ఎలీసమ్మ.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఇరవై ఏళ్ళలో ఆ పేరున ఒక్క గింజ కూడా నాలో పడలేదు. ఆమె ఎప్పుడూ తన కోసం అడుక్కోలేదు, ఆమె కోసం అడిగినవాళ్ళూ లేరు. పక్కనే ఉండి నేనూ గమనించలేదు. సిగ్గేసింది.

మూత చప్పుడుకి ఆమె లేచి వచ్చింది. లోపలికి చూసింది, వేలితో తాకింది.

"కడిగిన బియ్యం పోశావేందయ్యా? మాపటికి ముక్కిపోవూ?"

"నాకేం తెలుసు. నువ్వు పోస్తుంటే దూరం నించి చూడ్డమేగా."

"ఎవరి పేరు చెప్పావు?"

ఆయన గిన్నె కింద పెట్టాడు. "నీదే. దేవుడా, ఈమె చేత మాట్లాడించు అన్నా. నాతో కాకపోయినా నీతోనన్నా మాట్లాడించు అన్నా."

ఎలీసమ్మ పాత చీర ముక్క ఒకటి తెచ్చి పెరట్లో ఎండలో పరిచింది. నన్ను తీసుకెళ్ళి దాని మీద వంచింది. తడి బియ్యం ముద్దగా పడ్డాయి. పక్కనే కూర్చుని వేళ్ళతో విడదీస్తూ పలచగా చేసింది. కోడి వస్తే అదిలించింది. నేను ఖాళీగా ఆమె మోకాలి పక్కన ఉన్నాను. తరవాత, ఎన్నో నెలల తరవాత, ఆమె పాత చనువు గొంతు విన్నాను. నాతో కాదు, మొగుడితోనూ కాదు.

"ప్రభువా, నా పిల్ల నీ దగ్గరే ఉందంటగా. దాని కోసం ఏమీ అడగను, అడక్కూడదన్నారు. ఒక్క మాట చెప్పు. అన్నం తిన్నదా?"

అప్పుడు ఏడ్చింది. సమాధి రోజున రాని ఏడుపంతా ఆ బియ్యం ముందు కూర్చుని ఏడ్చింది. నతానియేలు పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు.

ఆ తడికి నా అడుగు తుప్పు పట్టింది. మరుసటి ఏడు చిల్లిపడి గింజలు కారుతుంటే ప్లాస్టిక్ డబ్బా కొన్నారు. నన్ను గూటి పైన అటక మీద పెట్టారు, పారెయ్యలేదు. ఇక్కణ్ణించి అంతా వినపడుతుంది. ఇప్పుడు పొద్దున రెండు చేతులు పోస్తాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఆయన ఆమె పేరు చెబుతాడు, ఆమె ఆయన పేరు చెబుతుంది. ఆయన వెళ్ళాక ఆమె చేట పక్కన పెట్టి, రోజూ అదే అడుగుతుంది. "అన్నం తిన్నదా?" జవాబు నాకైతే ఒక్కసారి కూడా వినపడలేదు. ఆమె మాత్రం కాసేపు అలాగే నిలబడి, ఆ తరవాతే ఎసట్లో బియ్యం వేస్తుంది.