చిన్నకోడలి కళ్ళకింద నలుపు

పక్కవాళ్ళ నగలు చూసి ఏడ్చేవాళ్ళుంటారు, పక్కవాళ్ళ మేడ చూసి ఏడ్చేవాళ్ళుంటారు. ఆ ఇంటి పెద్దకోడలు మాత్రం తోటికోడలి కళ్ళకింద నలుపు చూసి ఏడ్చింది. నవ్వకండి. సంగతి వింటే మీకూ ఎక్కడో కాలుతుంది.

ఆ నలుపు ముందుగా కనిపెట్టింది అత్తగారు. కళ్ళజోడు లేనిదే గడియారంలో ముళ్ళు కనపడని మనిషి, ఒకరోజు పొద్దున్న కాఫీ గ్లాసు అందుకుంటూ చిన్నకోడలి మొహం చూసి ఉలిక్కిపడింది.

"అయ్యయ్యో, కళ్ళకింద అంత నల్లబడ్డాయేమిటే తల్లీ! పిల్ల నిద్రపోనివ్వట్లేదా? ఇవాళ్టినుంచి నువ్వు ఏ పనీ ముట్టుకోకు. అన్నీ పెద్దమ్మాయి చూసుకుంటుంది."

ఆ కాఫీ గ్లాసు అందించింది పెద్దకోడలే. చిన్నకోడలు అవతల కుర్చీలో, మూడువారాల పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. అంటే అత్తగారి చూపు తన మొహాన్ని దాటుకుని అంత దూరం వెళ్ళిందన్నమాట. తన కళ్ళకింద ఏళ్ళ తరబడి పేరుకున్న నలుపు ఉంది. ఇద్దరు పిల్లల నిద్రలేని రోజులున్నాయి అందులో. మామగారు మంచంపట్టిన మూడేళ్ళున్నాయి. ఆయన్ని గంటగంటకీ పక్కకి తిప్పి పడుకోబెట్టిన చేతులు ఇవే. అప్పుడు ఒక్కరూ అయ్యో అనలేదు. నిన్నగాక మొన్న వచ్చిన నలుపుకి మాత్రం ఇల్లంతా ఉరుకులు పరుగులు.

ఇక మొదలైంది వైద్యం. కీరా ముక్కలు చల్లగా కళ్ళమీద పెట్టాలట. బంగాళాదుంప తురిమి రసం పిండి దూదితో అద్దాలట. టీ పొట్లాలు తడిపి ఫ్రిజ్‌లో పెట్టాలట. బాదం నూనె ఉంగరం వేలితో మెల్లగా రాయాలట. ఎదురింటావిడ ఒకటి చెబితే మరిది ఫోన్‌లో చూసి ఇంకోటి చెప్పేవాడు. చిన్నకోడలు మంచంమీద వెల్లకిలా పడుకుని ఉండేది. మరి కీరా తరిగిందెవరు? దుంప తురిమిందెవరు? పెద్దకోడలు. అద్దంలో తన మొహం కనపడకుండా తల వంచుకుని మరీ తరిగేది.

ఒకసారి ఉండబట్టలేక అననే అంది. "అత్తయ్యా, ఒక నాలుగు ముక్కలు నేనూ పెట్టుకోనా?"

"నీకెందుకే? నీకు మొదట్నించీ అంతేగా," అంది అత్తగారు. తిట్టినట్టు కాదు, ఎత్తి పొడిచినట్టూ కాదు. గోడకి రంగు ఫలానా అని చెప్పినట్టు మామూలుగా అనేసింది. పెద్దకోడలికి కడుపు మండిపోయింది. మండినా నోరెత్తలేదు, ఎందుకంటే ఆ మాట నిజమేమోనని ఆమెకే అనుమానం.

ఆమె పనిచేసేది ఒక ఫోటో స్టూడియోలో. మొహాలు దిద్దడం ఆమె పని. మొటిమలు, మచ్చలు, కళ్ళకింద నలుపు, ఏదైనా సరే ఆమె చేతిలో పడితే మాయం. అక్కడంతా ఆమెని రబ్బరు అని పిలుస్తారు. దిద్దని మొహం గుమ్మం దాటకూడదన్నది ఆ స్టూడియో నియమం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంప్యూటర్‌లో జనాల నలుపు చెరిపి చెరిపి, కళ్ళు మండితే వేళ్ళతో గట్టిగా నలుపుకుని, మళ్ళీ చెరిపేది. ఇంటి ఫోటోలూ ఆమే దిద్దేది. అందులో తన మొహం రాగానే చెయ్యి దానంతట అదే కళ్ళకిందికి వెళ్ళేది.

మొన్న పిల్ల పుట్టిన నెలకి తీసుకున్న కుటుంబం ఫోటోలో మాత్రం ఇంకో పని కూడా చేసింది. తన నలుపుతోపాటు తోటికోడలిదీ శుభ్రంగా తుడిచేసింది. తోటికోడలిమీద ప్రేమతో చేసిందనుకునేరు, కాదు. ఏదీ నలుపు, ఎక్కడుంది, నిగనిగలాడుతోందిగా అని మనసులో అనుకోవడానికి చేసింది. అసూయకి అంతకన్నా ఏం కావాలి?

రెండు నెలలు చూసినా వంటింటి వైద్యంతో లాభం లేక చివరికి డాక్టరు దగ్గరికి బయలుదేరారు. చిన్నకోడలికి చూపించాలి, తోడు అత్తగారు. పెద్దకోడలు సగం పూట సెలవు పెట్టాలి. ఎందుకు? పిల్లని ఎత్తుకోవడానికి.

డాక్టరమ్మ చిన్నకోడలిని వెలుతురు వైపు తిప్పింది. కళ్ళకింద చర్మం కొంచెం సాగదీసి చూసింది, చేతికి అద్దమిచ్చి మొహం పైకెత్తమంది. "ఇది వట్టి నీడ అయితే పైకెత్తగానే పోవాలి, పోవట్లేదు. నిద్ర చాలట్లేదమ్మా, రక్తం కూడా కాస్త తక్కువున్నట్టుంది. పరీక్ష రాస్తాను. ఐరన్ బిళ్ళలు, ఆకుకూరలు, పిల్ల పడుకున్నప్పుడల్లా నువ్వూ పడుకోవడం. రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది."

"మరి కీరా ముక్కలండీ?" అంది అత్తగారు.

"ఉబ్బు కొంచెం తగ్గుతుంది, నలుపు పోదు. తినేయండి," అంది డాక్టరమ్మ. అని తలెత్తింది. చూపు పిల్లనెత్తుకుని గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషి మీద ఆగింది. "మీరు ఇలా రండి. మీకెప్పట్నించి ఉన్నాయివి?"

"దానికి మొదట్నించీ అంతేనండి," అంది అత్తగారు, అడిగింది తననే అన్నట్టు.

డాక్టరమ్మ ఆ మాట చెవిన వేసుకోలేదు. పెద్దకోడలి కింది రెప్ప లాగి చూసి, "లోపల ఇంత తెల్లగా పాలిపోయిందేమిటి? మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?" అంది.

"వస్తుందండీ."

"ఎన్నాళ్ళనుంచి?"

ఎన్నాళ్ళనుంచో ఆమెకే తెలీదు. ఆ మాట అడిగినవాళ్ళు లేరు. చేతుల్లోని పిల్ల టోపీ సర్దుతున్నట్టు తల దించుకుంది.

"పుట్టుకతో వచ్చినవైతే ఒక దారి, మధ్యలో వచ్చినవైతే ఇంకో దారి," అంది డాక్టరమ్మ. "పాత ఫోటో ఏదైనా ఉందా?"

అత్తగారు హుషారుగా ఫోన్ తీసి కుటుంబం ఫోటో చూపించింది. డాక్టరమ్మ ఫోటోని, మనిషిని మార్చి మార్చి చూసింది. "ఇది రెండు నెలల కిందటిదా? ఇందులో మీకు నలుపే లేదే!"

అత్తగారు ఫోన్ దగ్గరికి లాక్కుంది. "అవునే! ఆఁ, చిన్నదానికీ లేదేమిటి? అప్పటికే వచ్చేసిందిగా!"

"నేనే చెరిపేశాను," అంది పెద్దకోడలు. చెవులు వేడెక్కిపోయాయి. చిన్నకోడలు ఆమెకేసి ఒకసారి చూసి, ఎందుకక్కా అని అడగకుండా ఊరుకుంది. అడిగి ఉంటే బాగుండేది, ఆ ఊరుకోవడానికి పెద్దకోడలు ఇంకా చితికిపోయింది.

"మరి పెళ్ళి ఫోటో ఉందిగా ఇంట్లో గోడకి," అంది అత్తగారు.

"అదీ దిద్దిందే అత్తయ్యా. మా స్టూడియోలో తీసిందేగా."

"దిద్దనిది ఒకటి పట్టుకురండి," అంది డాక్టరమ్మ. రక్తపరీక్ష రాసిచ్చి, కళ్ళు నలుపుకోవడం మానేయమనీ, గంటకోసారి కంప్యూటర్ ముందునుంచి లేవమనీ గట్టిగా చెప్పి పంపింది.

వాళ్ళని ఇంటికి పంపి పెద్దకోడలు నేరుగా స్టూడియోకి వెళ్ళింది. పెళ్ళికి ముందే ఆమె అక్కడ పనిలో చేరింది. పెళ్ళి ఫోటోలు తీసింది స్టూడియో పెద్దాయనే, దిద్దిందీ ఆయనే. దిద్దకముందు ఫోటోలున్న పాత డిస్కు ఉంటే అందులో అసలు మొహం దొరుకుతుంది. అది నల్లగానే ఉంటుందని ఆమెకి నమ్మకం. ఉంటే అత్తగారి మాటే గెలుస్తుంది. ఆ తర్వాత చిన్నదాన్ని చూసి కుళ్ళుకునే హక్కు కూడా తనకి మిగలదు.

పెద్దాయన లెన్సు తుడుచుకుంటూ విన్నాడు. "డిస్కు ఎందుకమ్మా? మీ ఇంట్లో గోడకున్నదే అసలుది."

"అదేమిటండీ, దిద్దని మొహం మీరు గుమ్మం దాటనివ్వరుగా?"

"దిద్దడానికి ఏదైనా ఉంటే కదా! కూర్చున్నాను, చూశాను, చెయ్యి పెట్టడానికి చోటు కనపడలేదు. దండలో వాడిన పువ్వొకటి తీసేసి, అలాగే అచ్చువేయించాను."

ఆమె బల్లమీద చెయ్యానించింది. అత్తగారు అన్నదంటే సరే, కళ్ళజోడు మనిషి. తన మొహం తనకి తెలీదా? రోజూ వందమంది మొహాలు చూసే మనిషి, ఇన్నేళ్ళుగా గోడమీద తన నిజం మొహాన్ని చూసి, పెద్దాయన పనితనం ఎంత బాగుందో అనుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయింది. వాళ్ళు అన్నారు, తను నమ్మింది. అందరి మీదకన్నా తన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. చిన్నకోడలు పిల్లకి పాలిస్తోంది. పెద్దకోడలు చెప్పులైనా విప్పకుండా గోడమీది ఫోటో దించి అత్తగారి ఒళ్ళో పెట్టింది. "చూడండి. దీన్ని ఎవరూ దిద్దలేదట. నేను ఈ ఇంటికి ఇలా వచ్చాను."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుంది. ఫోటో చూసింది, కోడలి మొహం చూసింది. మళ్ళీ ఫోటో చూసింది. పెద్దకోడలు ఎదురుగానే నిలబడింది. ఆమెకి కావాల్సింది ఒక్క మాట. క్షమాపణ అక్కర్లేదు, అయ్యో అంటే చాలు.

అత్తగారి మొహంలో నిజంగానే కంగారు కనిపించింది. "ఇంత బాగుండేదానివా! అయితే అమ్మాయ్, చిన్నదానికీ ఇవి ఇలాగే ఉండిపోతాయంటావా?"

చిన్నకోడలు "అత్తయ్యా!" అని గట్టిగా అరిచింది. పిల్ల ఏడుపు అందుకుంది.

పెద్దకోడలికి ముందు నవ్వొచ్చింది, వెనకే కళ్ళనీళ్ళూ వచ్చాయి. నలుపుకోబోయిన చెయ్యి ఆపుకుంది. "ఉండిపోతాయి," అంది. "మొదట్నించీ అంతేగా అనేవాళ్ళు పక్కనుంటే తప్పకుండా ఉండిపోతాయి. దాన్నైనా అలా అనకండి. నేను పడుకుంటున్నాను, లేపొద్దు."

"ఈ వేళప్పుడా? మరి వంటో?"

ఆమె గదిలోకి వెళ్ళి మంచంమీద వాలింది. కాసేపటికి చిన్నకోడలు పిల్లని భుజాన వేసుకుని వచ్చి, చప్పుడు కాకుండా కిటికీ తలుపులు మూసి వెళ్ళింది. దానిమీద అసూయ పోయిందా అంటే, పోలేదు. రెండు మూడు నెలల్లో తగ్గిపోయే నలుపది, మరి తనది తగ్గుతుందో లేదో ఎవరికి తెలుసు? వంటింట్లో అత్తగారు ఏ డబ్బాలో ఏముందో తెలియక ఒక్కొక్కటే మూత తీసి చూస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. పెద్దకోడలు లేవలేదు.