కేకు మీద పంటిగాటు

కేకు మీద కప్పిన తెల్లగుడ్డ అంచు ఎత్తి చూశాడు అల్లుడు: కేకును ఎవరో నోటితో కొరికేశారు.

కత్తితో కోసింది కాదు. వేలితో గీకింది కాదు. చెంచాతో తవ్వింది అసలే కాదు. అంచున అర్ధచంద్రాకారంలో గాటు. చుట్టూ నలిగిన తెల్ల క్రీము. లోపల ముక్కలు ముక్కలుగా ఎండుపళ్లు. అల్లుడు పళ్ల డాక్టరు. పొద్దున లేస్తే జనం నోళ్లలోకి తొంగిచూసి బతికేవాడు. పంటిగాటును పోల్చుకోవడానికి అతనికి భూతద్దం అక్కర్లేదు.

గుడ్డను ఠక్కున దించేసి, పెరడంతా కలయజూశాడు. ఎవరూ తనను గమనిస్తున్నట్టు లేదు. వంటింటి కిటికీలో అత్తగారి తల కనిపించింది. ఆవిడ చేతిలో గరిటె ఉంది. దాన్ని చూసేసరికి అంత చలిలోనూ అతనికి మాస్కు లోపల చెమట పట్టింది.

భయపడటానికి కారణం ఉంది. అత్తగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. ఆవిడ వార్డులో అడుగుపెడితే రోగులు దగ్గు కూడా మింగేసేవారని చెప్పుకునేవారు. మహమ్మారి మొదలైన దగ్గర్నుంచి ఆవిడ ఇంటినే వార్డు చేసేసింది. మనవలు తాతయ్యను చూడాలంటే ఫోనులోనే. మరీ బెంగపెట్టుకుంటే గేటు ఊచల మధ్య నుంచి. క్రిస్మస్ మాత్రం పెరట్లో, ఆరుబయట, ఎడం ఎడంగా కూర్చుని చేసుకుందామని కూతురు వారాల తరబడి తల్లిని బతిమాలింది. తల్లి ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే షరతు పెట్టింది.

"రూలు ఒక్కటి తప్పినా, తప్పింది ఎవరైనా, కోడి పొయ్యి మీదున్నా సరే, మీరు కారెక్కాలి."

ఆ రూళ్లన్నిటికీ తలమానికం ఒకటుంది. అందరూ తినే దాని మీద ఎవరి నోటి గాలీ పడకూడదు. కేకు మీద కొవ్వొత్తిని ఊదకూడదు, విసనకర్రతో ఆర్పాలి. కేకును చేత్తో ముట్టకూడదు. కత్తి ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆవిడే కోస్తుంది, ఆవిడే పంచుతుంది.

అలాంటి కేకును ఎవరో ఏకంగా కొరికారు.

అల్లుడు ఫోను తీసి గాటును ఒక ఫొటో తీసుకున్నాడు. మళ్లీ గుడ్డ కప్పేసి, ఏమీ ఎరగనట్టు తన కుర్చీకి చేరాడు. గేటు పక్కన అతని కుటుంబానికి నాలుగు కుర్చీలు, వాటి ముందు దాటకూడదని సుద్దతో గీసిన గీత. వంటింటి గుమ్మం పక్కన అత్తగారింటి వాళ్లకు మూడు. రెంటికీ నడుమ బల్ల, దాని మీద కేకు, పక్కనే కుండీలో మొక్కకు కట్టిన కాగితపు నక్షత్రాలు. బల్ల దగ్గరికి ఒకసారి ఒక ఇంటివాళ్లే వెళ్లాలి. ఎవరి వంతో చెప్పేది తాతయ్య. ఆయన రైలు గార్డుగా చేసి రిటైరయ్యాడు. పచ్చజెండా ఎత్తితే వెళ్లాలి, ఎర్రజెండా ఎత్తితే ఎక్కడివాళ్లక్కడ ఆగాలి. ఇప్పుడు ఆయన తన కుర్చీలో నిటారుగా, ఒళ్లో రెండు జెండాలతో, మాస్కు పైన రెండు కళ్లతో కూర్చుని ఉన్నాడు.

"కేకుని ఎవరో కొరికారు," అన్నాడు అల్లుడు భార్య చెవిలో.

"ఎలకేమో?"

"ముప్పై రెండు పళ్ల ఎలక."

భార్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే మా తమ్ముడే."

"సాక్ష్యం?"

"వాడు పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నా. ఇంకేం సాక్ష్యం కావాలండీ?"

బావమరిది ఆ పక్క కుర్చీలో కాళ్లు బారచాపుకుని ఉన్నాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. రోజూ పదిమంది ఎక్కి దిగే చోట పని కాబట్టి తల్లి అతన్ని మేడ మీద గదిలో వేరుగా పెట్టి, మెట్ల మీదే భోజనం అందిస్తోంది.

"ఒరేయ్," అక్క పిలిచింది. "అక్కడే ఉండి మాస్కు దించి నోరు తెరువు."

"పండగ శుభాకాంక్షలు అనవే ముందు!"

"తెరుస్తావా లేదా?"

"బావగారూ, ఇవాళ కూడా షాపు తెరిచారా? పాపం, బేరాల్లేవా?"

అంటూనే మాస్కు దించాడు. అక్క కెవ్వుమంది. అతని మూతి మీద ఒక మీసం ఉంది. మామూలు మీసం కాదు. రెండు కొసలూ చెవుల దాకా పోవాలని బయల్దేరి, బుగ్గల దగ్గర అలిసిపోయి మెలితిరిగిన మీసం.

"ఏంట్రా అది?"

"మీసం."

"మీసమని తెలుస్తూనే ఉంది. నీ మూతి మీద దానికేం పని?"

"మాస్కు కింద ఏముందో ఎవరికి తెలుస్తుందిలే అని పెంచా. అమ్మకింకా తెలీదు. గట్టిగా అరవకు."

అల్లుడు ఫోను కెమెరాను దగ్గరికి జరిపి, కూర్చున్న చోటి నుంచే పరీక్ష చేశాడు. మీసానికి క్రీము మరక లేదు. ఆ మీసంతో క్రీము కేకు కొరికితే రేపటి దాకా వదలదు. పైగా బావమరిది ముందు పళ్ల మధ్య సందులో చిన్నపాటి స్కూటరు నిలపొచ్చు. గాటులో ఎక్కడా సందు లేదు.

"వీడు కాదు," అన్నాడు.

"సరిగ్గా చూశారా?" అంది భార్య, చేతికందిన దొంగ జారిపోతున్నట్టు.

ఇంతలో అతని చొక్కా అంచును ఎవరో లాగారు. పెద్దమ్మాయి. పదకొండేళ్లది. ఇంట్లో అందరికీ పనులు పురమాయిస్తుంది కాబట్టి పేరు పెట్టి ఎవరూ పిలవరు, కలెక్టరు అంటారు.

"నాన్నా, కేకుకి ఏమైంది? అబద్ధం చెప్పకు. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు నీ మాస్కు కదులుతుంది."

చెప్పక తప్పలేదు. కలెక్టరు వెంటనే విచారణ చేతిలోకి తీసుకుంది. మొదటి ముద్దాయి ఆమె తమ్ముడు బుడంకాయ. ఆరేళ్లవాడు. పొద్దుట్నుంచీ కారులో, కారు దిగాక కుర్చీలో, ఆఖరికి బాత్రూములో కూడా ఒకటే పాట గొణుక్కుంటున్నాడు. కేకు కోయడం అయ్యాక తాతయ్య ముందు నిలబడి పాడాలి. ఫోనులో పాడితే ప్రతిసారీ మధ్యలో తాతయ్య బొమ్మ ఆగిపోయేది. అందుకే ఈసారి ఎదురుగా పాడతానని పంతం పట్టాడు.

"నోరు తెరువు."

బుడంకాయ తెరిచాడు. పైన ముందు పళ్లు రెండూ లేవు. ఊడిపోయి వారం కూడా కాలేదు.

"నువ్వు కాదు. పో."

వాడికి అవమానమైంది. "నేనైతే ఆ పక్క ఎందుకు కొరుకుతా? క్రీము పువ్వు ఇటుపక్క ఉందిగా!"

"నీకెలా తెలుసురా?"

"గుడ్డ ఎత్తి చూశా. చేత్తో కాదు, పుల్లతో." వాడి కళ్లు ఒక్కసారిగా గుండ్రంగా అయిపోయాయి. "అక్కా, అమ్మమ్మ మనల్ని పంపించేస్తుందా? నేనింకా పాడలేదు."

వంటింట్లో పళ్లెం చప్పుడైంది. అమ్మమ్మ కోడిని పళ్లెంలోకి తీస్తోంది. ఇంక ఎంతోసేపు లేదు.

కలెక్టరు గీత దాటకుండా కొసన నిలబడి గొంతు పెంచింది. "తాతయ్యా! బల్ల దగ్గర కాపలా నువ్వే కదా? మేం కాక ఇంకెవరైనా వచ్చారా?"

తాతయ్య ఎర్రజెండా ఎత్తాడు.

"రాలేదా?"

పచ్చజెండా.

"నువ్వు కళ్లు మూసుకోకుండా చూస్తూనే ఉన్నావా?"

తాతయ్య పచ్చజెండా ఎత్తాడు. ఎర్రజెండా ఎత్తాడు. కాసేపు తటపటాయించి రెండూ కలిపి ఎత్తాడు.

"అదేం సిగ్నలు తాతయ్యా? రెండూ ఒకేసారి ఎత్తితే రైలు ఏం చెయ్యాలి?"

"పట్టాలు తప్పాలి," అన్నాడు బావమరిది.

అందరూ నవ్వారు, అల్లుడు తప్ప. అతనికి ఒక సంగతి తట్టింది. తాము వచ్చినప్పుడు మామగారు గేటు దగ్గర నిలబడి వీధంతా వినపడేలా, "రండ్రా నా బంగారాలూ!" అని కేకేశాడు. ఆ తర్వాత ఆయన నోట ఒక్క మాట రాలేదు. బాగున్నారా అంటే పచ్చజెండా. చలేస్తోందా అంటే ఎర్రజెండా. మనవలతో ఆట ఆడుతున్నాడని ముచ్చటపడ్డారు గానీ, ఎవరూ అనుమానించలేదు.

అల్లుడు ఫొటో తెరిచి పెద్దది చేశాడు. గాటు. క్రీము. ఎండుద్రాక్ష. జీడిపప్పు. దాని పక్కన గులాబీ రంగులో నున్నగా ఏదో మెరుస్తోంది.

"అది చెర్రీ కదూ?" అంది భార్య.

"కాదు," అన్నాడు అల్లుడు. "అవి చిగుళ్లు. నేను చేసిన చిగుళ్లు. మామయ్యగారి పై పళ్ల సెట్టు కేకులో ఉంది."

"మా నాన్న... కేకు కొరికారా?"

"కొరికారు. కేకేమో పళ్లు తిరిగి ఇవ్వలేదు. సెట్టు వదులైందని ఆయన ఎప్పటి నుంచో చెబుతున్నారు. రోజులు బాగుపడ్డాక సరిచేద్దామన్నాను."

ఇక ఒకటే దారి. అత్తగారు బయటికి వచ్చేలోగా పళ్లు బయటికి రావాలి. అల్లుడు జేబులోంచి కాగితపు రుమాలు తీసి లేచాడు. మామగారి వైపు చూశాడు. మామగారి కళ్లు అతని కళ్లను కలుసుకున్నాయి. ఒక నేరస్థుడు, ఒక వైద్యుడు. మాటల్లేకుండానే ఒప్పందం కుదిరింది. పచ్చజెండా లేచింది. ఏ గార్డూ ఏ రైలుకూ అంత ఆత్రంగా ఊపి ఉండడు.

అల్లుడు మునివేళ్ల మీద బల్ల దగ్గరికి నడిచాడు. వంగాడు. గుడ్డ అంచు పట్టుకున్నాడు.

"అల్లుడుగారూ, అక్కడేం చేస్తున్నారు?"

గుమ్మంలో అత్తగారు. రెండు చేతుల మధ్య కోడి పళ్లెం. పొగలు కక్కుతోంది.

"ఏం లేదండీ అత్తయ్యగారూ. గుడ్డ... చాలా తెల్లగా ఉతికారు."

"తియ్యండి."

"ఏంటండీ?"

"గుడ్డ."

తీశాడు. ఆవిడ పళ్లెం పక్కన పెట్టి, గాటును చూసింది. పెరట్లో గాలి కూడా ఆగిపోయింది. కాగితపు నక్షత్రాలు సైతం ఊగడం మానేశాయి.

"నేనేనమ్మా," అని లేచాడు బావమరిది. "ఆకలేసింది."

"నీ పళ్ల సందు నాకు తెలీదట్రా? కన్నదాన్ని. అబద్ధాలాడకుండా కూర్చో. ఆ మీసం సంగతి తర్వాత చూస్తా."

బావమరిది రెండు చేతులతో మూతి కప్పుకుని కూలబడ్డాడు. మాస్కు ఎక్కించుకోవడం మరిచిపోయాడు మరి. ఆవిడ కూతురి వైపు తిరిగింది.

"నేనేం చెప్పాను? రూలు తప్పితే?"

"కారెక్కాలన్నావమ్మా," అంది కూతురు, తలదించుకుని.

అప్పుడు బుడంకాయ కుర్చీ దిగి, గేటు తలుపు తీసుకుని, తనంతట తానే బయటికి నడిచాడు. ఊచల మధ్య ముక్కు పెట్టి అన్నాడు. "అమ్మమ్మా, నేను ఇక్కడ నించుని పాడనా? ఇక్కడైతే లోపల కాదుగా?"

అమ్మమ్మ వాడిని చూసింది. వాడి మాస్కు ముక్కు కిందికి జారి ఉంది. మామూలుగా అయితే అదొక్కటే చాలు, ఉపన్యాసానికి. ఇప్పుడు ఆవిడ ఏప్రన్ కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకుంది.

"లోపలికి రారా," అంది చివరికి. అని అందరి వైపూ తిరిగి నడుం మీద చెయ్యి పెట్టింది. "నా వార్డులో ఇంకో పద్ధతి కూడా ఉండేది. తప్పు చేసి ఒప్పుకున్నవాడికి మందు. దాచినవాడికి డిశ్చార్జి. ఈ పని ఎవరిదో వాళ్ల నోటితో వాళ్లు చెబితే పండగ సాగుతుంది. చెప్పకపోతే అందరూ కార్లెక్కండి. అల్లుడుగారూ, మీరు మాట్లాడకండి. మీ మాస్కు కదులుతోంది."

తాతయ్య ఎర్రజెండా ఎత్తాడు. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు. మాస్కు దించాడు. పై పెదవి లోపలికి పోయి, మొహం నలిగిన సంచిలా ఉంది. పళ్లు లేక సగం మాట గాలిగా వచ్చింది. అయినా ఒక్క ముక్క కూడా ఎవరికీ అర్థం కాకుండా పోలేదు.

"అల్లుణ్ణి ఏమీ అనకే. కొరికింది నేను. పొద్దున నువ్వు కాఫీ వాసన చూడమంటే చూశానా? శుభ్రంగా తెలిసింది. పిల్లలొచ్చాక, అందరూ కార్లోంచి సామాన్లు దింపుతుంటే, కేకెలా ఉందో చూద్దామని గుడ్డెత్తాను. వాసన లేదు. మాస్కు దించాను. లేదు. ముక్కు ఆనేంత దగ్గరికి పోయాను. అయినా లేదు. అయిపోయింది, వాసన పోయిందంటే ఆ రోగం నాకొచ్చేసినట్టే అనుకున్నాను. నీకు చెబితే పిల్లల్ని అప్పటికప్పుడు వెనక్కి పంపేసి, నన్ను గదిలో పెట్టి గొళ్లెం వేస్తావు. చెప్పకపోతే పిల్లలకి అంటిస్తానేమోనని భయం. పోనీ రుచైనా తెలుస్తుందేమో చూద్దామనిపించింది. ఎలా చూడను? కత్తేమో నీ దగ్గరుంది. కేకుని చేత్తో ముట్టుకోవద్దన్నావు. నీ మాట నేనెప్పుడైనా కాదన్నానా? రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వంగి, నోటితోనే కొరికాను. తెలిసిందే! ఏలకులు తెలిశాయి, నిమ్మతొక్క తెలిసింది, నువ్వు దొంగతనంగా తగ్గించిన చక్కెర కూడా తెలిసింది. అప్పుడు గుర్తొచ్చింది, స్నానం చేశాక జలుబు చెయ్యకూడదని నా ముక్కు కింద తైలం పట్టించింది నువ్వే కదా, ఆ ఘాటులో కేకు వాసన ఎక్కడ తెలిసి చస్తుందీ అని! ఆ సంతోషంలో హమ్మయ్య అన్నాను. నోరు బయటికొచ్చింది గానీ పళ్లు లోపలే ఉండిపోయాయి. తీసుకుందామంటే, చేత్తో ముట్టుకోవద్దన్నావాయె. తప్పు నాదే. ఏ మందిచ్చినా మింగుతాను, ఎంత చేదుదైనా సరే. పిల్లల్ని మాత్రం పంపకు. వాణ్ణి పాడనియ్యి. నేను చప్పట్లు కొట్టాలి, చప్పట్లకి పళ్లక్కర్లేదు."