తెల్లగుడ్డల జత

“హమీద్ కొత్తవి కొనుక్కుంటాడులే అత్తా. అవి మాత్రం పెట్టెలో పెట్టొద్దు.”

“కొత్తవి ఏంటికి మే? బంగారట్లా జత ఇంట్లో ఉండాదే! ధర్మవరంలో మగ్గం ముందర కూర్చోని నేయించుకోనొచ్చినాడు నా కొడుకు.”

“ఉండనీ.”

“పొద్దున్నించి అదే మాట. ఉండనీ అంటే యాడ ఉండల్ల?”

హజ్జులో మగవాళ్లు ఒంటికి చుట్టుకునే కుట్టులేని తెల్లగుడ్డలు అవి. రాబియా వాటిని మడిచి ట్రంకుపెట్టెలో పెడుతుంది. ఆమె అటు తిరగ్గానే కోడలు హసీనాబీ తీసి దండెం మీద వేస్తుంది. టీకాలకు వాచిన చేతిని ఒళ్లో పెట్టుకుని నులకమంచం మీద కూర్చున్న హమీద్ ఇద్దర్నీ చూస్తున్నాడు.

“ఇంకొంచేపు ఇట్లే తిప్పితే, అవే నడుచుకుంటా బొంబాయికి పోతాయి,” అన్నాడు.

అవ్వ నవ్వలేదు. అమ్మా నవ్వలేదు. రొట్టెల పిండి కలుపుతున్న చెల్లెలు ఫక్రూబీ ఒక్కతే కిసుక్కుమని, వెంటనే తల దించుకుంది.

పెనుకొండలో పరుపులు కుట్టే లాల్‌సాబ్‌కు తల్లిని హజ్జుకు తీసుకుపోవాలని ఎన్నో ఏళ్ల కోరిక. ఓడలో ఇద్దరికీ చోటు దొరికిందని తెలిసిన కొన్నాళ్లకే జ్వరం తగిలి పోయాడు. తోడుగా దగ్గరి మగమనిషి లేకుండా రాబియా వెళ్లకూడదు. ఆమెకు ఇంకో కొడుకు లేడు. మిగిలింది మనవడే. తండ్రి చోటు హమీద్ పేరుకు మార్పించారు. అనంతపురంలో బి.ఎ. చదువుతున్న హమీద్ ఈ టర్ము కాలేజీకి రానని చెప్పి ఇంటికి వచ్చేశాడు. ఓడలో పోయి రావడమూ, అక్కడ ఉండడమూ కలిపి నెలల మీద పని. ఈసారి తప్పితే మళ్లీ చోటు ఎప్పుడు దొరుకుతుందో, అప్పటికి తన మోకాళ్లు మెట్లెక్కుతాయో లేదో రాబియాకు తెలియదు.

హసీనాబీ భర్త పోయిన ఆడవాళ్లు పాటించే ఇద్దత్తులో ఉంది. గడువు తీరేదాకా ఆమె గడప దాటకూడదు. ఇంట్లోంచే అన్నీ అమర్చింది. జొన్నపిండి వేయించింది, చెనిగ్గింజల పొడి దంచింది, మాంసం ఎండబెట్టి ఉప్పుకండ చేసి మూటలు కట్టింది. కొడుకును వెళ్లొద్దని ఒక్కసారి కూడా అనలేదు. ఆ గుడ్డల దగ్గరే ఆగిపోయింది.

మధ్యాహ్నం రాబియా వీధిలోకి బయలుదేరింది. హజ్జుకు పోయేవాళ్లు ముందు అందరి దగ్గరా మాఫు అడగాలి. తెలిసీ తెలియక చేసిన తప్పులను మనుషులు క్షమించకపోతే దేవుడి ముందు నిలబడేది ఎట్లా? ప్రతి ఇంట్లోనూ “నీకేం మాఫు అవ్వా, పోయిరా” అన్నారు. పక్కింటి కొండమ్మ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుంది.

“నా రోకలి తీస్కపోయి ఇరగ్గొట్టినావే, దానికి మాఫు లేదు పో. ఆ పైనోడి ముందరే తేల్చుకుందాం.”

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూ నవ్వుతూనే కొండమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “లాల్‌సాబు ఉండింటే ఎంత సంబరపడేవాడో... ఇంట్లో అడిగినావా అక్కా?”

“ఇంట్లో ఏముండాది అడిగేదానికి?”

“ఏమో. ఇంట్లోనే గదా ఉండేది,” అంది కొండమ్మ.

రాబియా వచ్చేసరికి హసీనాబీ వెనక వసారాలో ఒంటరిగా బియ్యం ఏరుతోంది. రాబియా గోడ పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

“హసీనా, నేనేమన్నా తప్పు చేసింటే మాఫు చెయ్యమ్మా.”

హసీనాబీ చేట్లోంచి ఒక రాయి ఏరి పారేసింది. ఇంకొకటి ఏరింది.

“ఆయన పోయిన దినం ఆ గుడ్డలు అడిగితి గదా అత్తా.”

రాబియా కూడా చేట్లోకి చెయ్యి పెట్టి ఒక రాయి ఏరింది.

“మక్కాలో జంజం నీళ్లలో తడిపి తెచ్చుకుంటా, నేను పోయినప్పుడు అవే కప్పండి అనేవాడు గదా ఆయన! వాన కురుస్తాండాది, అంగళ్లు మూసినారు. ఆ జత ఇయ్యి అంటే గుండెలకు కరుచుకోని కూర్చుంటివి. హజ్జుకు తెచ్చినవి, మట్టికి ఇయ్యనంటివి. మనిషి హిందూపురం పోయి గుడ్డ తెచ్చేదాకా ఆయన్ను అట్లే పండబెట్టుకోని ఉంటిమి. ఆయన గుడ్డ ఆయనకు ఇయ్యలేదే నువ్వు!”

“ఇచ్చింటే వాడు పోయినట్లే గదా మే,” అంది రాబియా. “అవి నా చేతిలో ఉన్నంతసేపూ, వాడూ నేనూ ఇంకా ఓడెక్కల్ల అనే అనిపిస్తాండె.”

హసీనాబీ చేట పక్కన పెట్టింది.

“నోటితో మాఫు అనమంటే అంటా అత్తా. లోపల ఇంకా రాలేదు. అబద్ధం చెప్పి నిన్ను ఆడికి పంపలేను. నువ్వు పోయిరా. నేను అడ్డం రాను.”

రాబియా తల ఊపింది. లేచి లోపలికి వెళ్లింది.

పొద్దు వాలుతుండగా నలుగురూ అన్నానికి కూర్చున్నారు. ఫక్రూబీ రొట్టెలు వేసింది. రాబియా రొట్టె ముట్టుకోలేదు.

“అబ్బోడా,” అంది మెల్లగా. “రేపు బండికి అనంతపురం పో. ఇంకా నాలుగు దినాలే గదా మానుకున్యావు, సారోళ్లు చేర్చుకుంటారు.”

“ఓడ ఎట్లవ్వా?”

“ఓడ దాని పాటికి పోతాది. ఈ ఏడు నేను పోను.”

హసీనాబీ చేతిలో రొట్టెముక్క ఆగిపోయింది. “నేను వద్దనలేదే అత్తా!”

“నువ్వు అనలేదమ్మా. నిజం చెప్పినావు. నేనే అంటాండా.”

“మరి ఉప్పుకండంతా?” అంది ఫక్రూబీ, ఏమనాలో తెలియక.

“తిందాంలే,” అని రాబియా దండెం వైపు చూసింది. “ఆ జత మీ అమ్మ పెట్టెలో పెట్టుకుంటాది. ఎవరికి కట్టల్లనో, ఎవరికి కప్పల్లనో ఇంక ఆమె చెప్పినట్లే.”