మూడు వీధులు తిరిగిన బస్సు

గేటమ్మ అసలు పేరు ఇంట్లో ఎవరూ వాడరు. పదిహేనేళ్ళప్పుడు బాబాయికి అన్నం క్యారియరు ఇవ్వడానికి బస్సు డిపోకి వెళ్ళి, ఆగి ఉన్న బస్సెక్కి, స్టార్ట్ చేసి, నేరుగా తీసుకెళ్ళి గేటుకు గుద్దింది. ఆనాటి నుంచి ఆ పిల్ల గేటమ్మే. దెబ్బ ఎవరికీ తగల్లేదు. గేటు వంగింది, పోలీసులొచ్చారు, పిల్లల కోర్టు నాలుగు చీవాట్లు పెట్టి ఇంటికి పంపింది. అక్కడితో పీడ వదిలిందనుకున్నారు అందరూ.

పదేళ్ళు గడిచాయి. లాండ్రీ వ్యాను నడిపి చేయి తిరిగిన గేటమ్మ అదే డిపోలో డ్రైవరు ఉద్యోగానికి పరీక్ష పాసైంది. సరిగ్గా అప్పుడే పోలీసు రికార్డులోంచి ఆ పాత కేసు తలెత్తింది. చిన్నతనంలో చేసిన చిన్న తప్పయితే దాన్ని చెరిపేయమని కోర్టును అడగొచ్చు. చెరిపేస్తే ఉద్యోగం, లేదంటే జీవితమంతా ఊరివాళ్ళ దుప్పట్లు మోసుకు తిరగడమే.

అందుకు ఇంటి పెద్ద ఒకరు జడ్జిగారి ముందు మాట్లాడాలి. నాన్న పోయి చాలాకాలమైంది, అమ్మకు నలుగురిలో నోరు పెగలదు. ఇక మిగిలింది బాబాయే.

బాబాయి నోటికి హద్దూ అదుపూ లేదు. ఆయన ఆ డిపోలోనే పనిచేస్తాడు కాబట్టి ఆ కథ మీద సర్వహక్కులూ తనవే అనుకుంటాడు. మొదటి ఏడాది ఆయన కథలో బస్సు గేటు దగ్గరే ఆగింది. తర్వాత ఎవరిదో పెళ్ళిలో గేటు దాటింది. ఈమధ్యైతే వెనకాల పోలీసు జీపు తరుముతుంటే మూడు వీధులు తిరిగి, దారిలో ఒక ముసలావిడను ఎక్కించుకుని ఆసుపత్రి దగ్గర దింపి మరీ వస్తోంది.

ఈ సంగతి విని గేటమ్మ కేసు చూస్తున్న లాయరమ్మ తల పట్టుకుంది. బస్సు డిపో దాటిందంటే అది చిన్న తప్పు కిందకి రాదు, ఇక చెరపరని చెప్పింది. బస్సు గేటు దగ్గర ఆగింది, ఇప్పుడు పిల్ల బుద్ధిగా ఉంటోంది, ఈ రెండు ముక్కలు చెప్పి కూర్చోమంది. బాబాయి అద్దం ముందు నిలబడి ఆ రెండు ముక్కలే వల్లె వేశాడు. పాపం, పథ్యం చేస్తున్నవాడిలా చిక్కిపోయాడు కూడా.

ఇలాంటి కేసులు చిన్న గదిలో, తలుపులు మూసి వింటారు. అమ్మ బయట వరండాలో బల్ల మీద కూర్చుంది. లోపల బాబాయి మొదటి ముక్క బాగానే చెప్పాడు. ఇంతలో జడ్జిగారు కళ్ళజోడు సవరించుకుని, కుర్చీ ముందుకు జరుపుకుని, ఆసక్తిగా చూశారు. అంత శ్రద్ధగా వినే మనిషి దొరికితే బాబాయి ఆగుతాడా? బస్సు గేటు దాటింది. మలుపు తిరిగింది. జీపు రాబోతుండగా లాయరమ్మ గట్టిగా దగ్గింది కానీ, అప్పటికే కొంప మునిగింది.

"రోడ్డెక్కిందా?" అన్నారు జడ్జిగారు, కాగితాలు తిరగేస్తూ. "ఇందులో అలా లేదే."

బాబాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు.  గేటమ్మే లేచి నిలబడింది.

"రోడ్డెక్కలేదండీ. గేటుకే గుద్దాను. మా బాబాయికి నేనంటే ప్రాణం. ఆ ప్రేమ ఎక్కువైనప్పుడల్లా బస్సు ఇంకో వీధి తిరుగుతుంది."

జడ్జిగారు నవ్వు ఆపుకోవడానికి కాసేపు కిటికీ వైపు చూశారు. తర్వాత, నడపడం రాకుండా అసలు బస్సెందుకు ఎక్కావని అడిగారు.

ఆ ప్రశ్నకు గేటమ్మ ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు. పోలీసులు గదమాయించినా, అమ్మ ఏడ్చినా విప్పలేదు. ఇప్పుడు కూడా బాబాయి వైపు చూసి తటపటాయించింది. కానీ అబద్ధం చెప్పి బయటపడే చోటు కాదది.

"వచ్చనుకున్నానండీ. గేరు వేసి క్లచ్ వదిలితే చాలు, మిగతాదంతా బస్సే చూసుకుంటుందని మా బాబాయి రోజూ అన్నం తింటూ చెప్పేవాడు. సాయంత్రం డిపోలో బస్సులన్నీ వరసలో పెట్టేది ఆయనేనని చెప్పేవాడు. నేను నమ్మాను."

జడ్జిగారు బాబాయిని ఎగాదిగా చూసి, అసలు ముద్దాయి పేరు ఈ కాగితాల్లో ఎక్కడా లేదే అన్నారు. అని, సంతకం పెట్టేశారు. ఈ రోజు నుంచి ఆ కేసు లేనట్టే, ఎవరడిగినా లేదనే చెప్పుకోవచ్చన్నారు. బయటికొచ్చి ఆ మాట చెప్పగానే వరండాలో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

బాబాయి మాత్రం కోర్టు మెట్ల మీద ఆగిపోయాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. గేటమ్మకు జాలేసింది, భయం కూడా వేసింది.

"నేను బస్సెప్పుడూ నడపలేదమ్మా," అన్నాడు చివరికి, చెప్పుల వైపు చూస్తూ. "టైర్లలో గాలి నింపేవాణ్ణి. అంతే."

గేటమ్మ ఆయన చేయి పట్టుకుని మెట్లు దింపింది.

"తెలుసు బాబాయ్. గేటు తగిలినప్పుడే తెలిసింది."